సరిహద్దు ఇంట్లో తెలుగు టీవీ: ముందు చానల్, తర్వాతే డిష్

ఒడిశా వైపు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో కొత్త కనెక్షన్ పెట్టించుకుంటే మొదటి సాయంత్రం చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కుర్రాడు డిష్ బిగించి, పెట్టె వెలిగించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. రిమోట్ నొక్కుతూ పోతే ఒడియా చానళ్లు, హిందీ చానళ్లు, బెంగాలీవి కూడా వస్తాయి. తెలుగు మాత్రం ఒకటో రెండో. పెట్టెలో లోపమేమీ లేదు. పిన్‌కోడ్ ఒడిశాది కాబట్టి ఒడియా–హిందీ ప్యాక్ వేసి పోయారు, అంతే. చానళ్లు చేతులారా చేర్చుకుంటే తెలుగంతా వస్తుంది. ఏవి చేర్చాలో ముందే తెలియకపోతే అక్కర్లేనివన్నీ నెత్తినపడతాయి.

అందుకే కేబులా, డీటీహెచ్చా (ఇంటి మీద డిష్ పెట్టే కనెక్షన్), ఫోనా అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. మీ ఇంట్లో సాయంత్రం ఏ కంపెనీ చానళ్ల మీద గడుస్తుందో ముందు తేల్చుకోండి. బరంపురం నుంచి జయపురం దాకా ఎక్కడున్నా ఈ వరస మారదు.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది భాష. ఇంట్లో ఏం మాట్లాడతారన్నది కాదు, ఎవరు ఏం చూస్తారన్నది లెక్క. అత్తగారికి తెలుగు సీరియల్, కోడలిది ఒడియా పుట్టిల్లు అయితే ఆమెకు ఒడియా సీరియల్. పిల్లలది ఇంకో సంగతి. ఒడియా మీడియంలో చదివే పిల్లలకు తెలుగు మాట అర్థమవుతుంది కానీ అక్షరం రాదు. తెరమీద కింద పరిగెత్తే తెలుగు స్క్రోలింగ్ వాళ్లకు గీతలే.

రెండోది వార్త. తెలుగు న్యూస్ చానల్ ఇచ్ఛాపురం దాకా చెప్పి ఆగిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దెబ్బ శ్రీకాకుళానికీ తగిలింది, గజపతి, గంజాం జిల్లాలకీ తగిలింది. కానీ స్కూళ్ల సెలవు, బస్సుల నిలిపివేత, సహాయ కేంద్రాల వివరాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. శ్రీకాకుళం కలెక్టర్ సెలవిచ్చారని పర్లాకిమిడిలో పిల్లల్ని ఇంట్లో ఉంచితే అది మీ పొరపాటే. ఇంట్లో ఎవరికీ ఒడియా అంత బాగా రాకపోయినా ఒక్క ఒడియా వార్తా చానల్ ఉంచుకోవలసిందే.

మూడోది ఆకాశం, డేటా. ఇంటికి ఆగ్నేయంగా కొబ్బరిచెట్టు ఉందా, కొండ ఉందా, ఫోన్‌లో సిగ్నల్ ఎంత ఉంది అన్నది చూసుకోవాలి. నాలుగోది నెల ఖర్చు. అయిదోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నది. డెబ్బై ఏళ్ల మామ్మగారికి యాప్ తెరవడం, పాస్‌వర్డ్ కొట్టడం రాదు. నంబర్ నొక్కితే చానల్ రావాలి.

ఎవరి దగ్గర ఏముంది

| కంపెనీ | తెలుగు టీవీ | ఒడియా టీవీ | యాప్ | రేడియో |
|---|---|---|---|---|
| ఈటీవీ | ఈటీవీ, ప్లస్, సినిమా, అభిరుచి, లైఫ్, రెండు రాష్ట్రాల వార్తలు | లేదు | ఈటీవీ విన్ | లేదు |
| సన్ | జెమిని టీవీ, మూవీస్, మ్యూజిక్, కామెడీ | లేదు | సన్ నెక్స్ట్ | రెడ్ ఎఫ్‌ఎం |
| జీ | జీ తెలుగు, జీ సినిమాలు | జీ సార్థక్ | జీ5 | లేదు |
| జియోస్టార్ | స్టార్ మా, మా మూవీస్, మా గోల్డ్ | స్టార్ కిరణ్ | జియోహాట్‌స్టార్ | లేదు |
| ఆహా | లేదు | లేదు | ఆహా | లేదు |
| ఓటీవీ–తరంగ్ | లేదు | ఓటీవీ, తరంగ్, అలంకార్, ప్రార్థన | తరంగ్ ప్లస్ | లేదు |
| ప్రసార భారతి | సప్తగిరి, యాదగిరి | డీడీ ఒడియా | వేవ్స్ | ఆకాశవాణి |

*ఈటీవీ.* 1995 ఆగస్టు 27న మొదలైంది. పెద్దవాళ్లున్న ఇంట్లో దీన్ని తీసేస్తే గొడవే. పాటల పోటీలు, కామెడీ షోలు, వంటలు, రాత్రి వార్తలు అన్నీ ఒక్క గూట్లోనే దొరుకుతాయి. పాత ఎపిసోడ్లకు, సొంత వెబ్ సినిమాలకు ఈటీవీ విన్ ఉంది. ఒడియా చానల్ మాత్రం ఇప్పుడు లేదు. ఒకప్పుడు ఉండేది. 2002లో మొదలైన ఈటీవీ ఒడియా చేతులు మారి, 2015లో కలర్స్ ఒడియా అయింది, ఆ తర్వాత అదీ ఆగిపోయింది. బరంపురంలో పాతవాళ్లకు ఈటీవీ అంటే ఇప్పటికీ అదే గుర్తొస్తే ఆశ్చర్యపోకండి. కేబులతనితో మాట్లాడేటప్పుడు ‘ఈటీవీ తెలుగు’ అని విడమరిచి చెప్పండి.

*సన్ – జెమిని.* టీవీ, యాప్, ఎఫ్‌ఎం, సినిమా నిర్మాణం, ఆఖరికి సన్ డైరెక్ట్ అని సొంత డీటీహెచ్ కూడా ఉన్న సంస్థ. పాత సినిమాల నిల్వ పెద్దది. సన్ నెక్స్ట్‌లో తెలుగుతోపాటు తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీ, మరాఠీ ఉన్నాయి కానీ ఒడియా లేదు. ఇంట్లో సినిమాలు చూసేవాళ్లు ఎక్కువైతే ఇది. సీరియల్ కోసమే అయితే చానల్ ఒక్కటి చాలు, యాప్ అక్కర్లేదు.

*జీ.* సరిహద్దు ఇంటికి బాగా అతికేది ఇదే అనిపిస్తుంది. జీ తెలుగు ఒకవైపు, జీ సార్థక్ ఇంకోవైపు. జీ5 ఒక్క చందాతో అత్తగారి సీరియల్, కోడలి సీరియల్ రెండూ నడుస్తాయి. కాకపోతే ఒకే సమయంలో రెండు తెరల మీద చూడాలంటే ప్లాన్‌లో ఎన్ని పరికరాలకు అనుమతి ఉందో డబ్బు కట్టేముందే చూడండి.

*జియోస్టార్.* స్టార్ మా ఒకప్పటి మా టీవీ. దాన్ని స్టార్ 2015లో తీసుకుంది. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ వ్యాపారాలు కలిశాక స్టార్ మా, స్టార్ కిరణ్, కలర్స్ ఒడియా ఒక గొడుగు కిందికి వచ్చాయి, వాటిలో కలర్స్ ఒడియా తర్వాత ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో యాప్ జియోహాట్‌స్టార్ అయింది. క్రికెట్ చూసే మగపిల్లలు, రియాలిటీ షో చూసే ఆడవాళ్లు ఉంటే దీన్ని వదులుకోలేరు. రెండు భాషల లెక్కలో జీ తర్వాతి స్థానం దీనిదే. క్రికెట్ కలిపితే ముందుకే వస్తుంది.

*ఆహా.* టీవీ చానల్ లేదు. 2020లో వచ్చిన యాప్, తెలుగుతో మొదలై తర్వాత తమిళం చేర్చుకుంది. ఏడాది పొడవునా కట్టవలసింది కాదు. చూడదలచిన సినిమాలు నాలుగు పోగయ్యాక ఒక విడత తీసుకుని, చూసేసి, వదిలేయండి. ఆటో రెన్యువల్ ఆపడం మరిచిపోవద్దు, యూపీఐలో మేండేట్ (డబ్బు దానంతటదే కట్టయ్యే అనుమతి) రద్దు చేస్తేనే డబ్బు ఆగుతుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఆగదు.

*ఓటీవీ – తరంగ్.* భువనేశ్వర్ కేంద్రంగా వార్తలు, వినోదం, భక్తి, సినిమా నిర్మాణం, యాప్ అన్నీ నడిపే ఒడియా సంస్థ. తెలుగు ఇంట్లో దీని పని ముఖ్యంగా ఓటీవీ వార్తలు. అవి యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి కాబట్టి వార్తల కోసమే ఐతే పైసా కట్టక్కర్లేదు.

*ప్రసార భారతి.* డబ్బు కట్టలేని ఇంటికి, తుపాను రోజుకు. సప్తగిరి, యాదగిరి, డీడీ ఒడియా మూడూ డీడీ ఫ్రీ డిష్‌లో నెలసరి చందా లేకుండా వస్తాయి. 2024 నవంబరులో వచ్చిన వేవ్స్ యాప్‌లోనూ ఉన్నాయి.

ఇక దారి: డిష్

డిష్ అనగానే ధర అడుగుతారు. ముందు అడగవలసింది దిక్కు. ఒక్కో కంపెనీ ఉపగ్రహం ఆకాశంలో ఒక్కో చోట ఉంటుంది. పర్లాకిమిడి నుంచి చూస్తే లెక్క ఇలా ఉంటుంది. బరంపురం, రాయగడ, జయపురాలకు కొద్ది డిగ్రీలే తేడా.

| సర్వీసు | ఉపగ్రహ స్థానం (తూర్పు రేఖాంశం) | చూసే దిక్కు | ఎత్తు కోణం (నేల నుంచి) |
|---|---|---|---|
| టాటా ప్లే | 83° | దాదాపు నేరుగా దక్షిణం | సుమారు 68° |
| డీడీ ఫ్రీ డిష్ | 93.5° | దక్షిణం నుంచి తూర్పుకు సుమారు 27° | సుమారు 65° |
| డిష్ టీవీ | 95° | దక్షిణం నుంచి తూర్పుకు సుమారు 31° | సుమారు 64° |
| ఎయిర్‌టెల్ | 108.2° | దాదాపు ఆగ్నేయం | సుమారు 55° |

దీన్ని చెట్టు లెక్కలోకి మార్చుకుంటే పని సులువవుతుంది. డిష్ కంటే 15 మీటర్లు ఎత్తుకు పోయిన కొబ్బరిచెట్టు ఉందనుకోండి. 65 డిగ్రీల ఉపగ్రహానికి ఆ దిక్కులో చెట్టు 7 మీటర్ల లోపు ఉంటేనే అడ్డు. 55 డిగ్రీల దానికి పదిన్నర మీటర్ల లోపు ఉన్నా అడ్డే. పెరట్లో ఆగ్నేయాన తోట ఉంటే దక్షిణం చూసే సర్వీసు తీసుకోండి, చెట్టు కొట్టే పని తప్పుతుంది. ఎండాకాలంలో బిగించినప్పుడు బాగానే ఉండి, శ్రావణానికి కొత్త మట్టలు దిగాక సిగ్నల్ పోయే ఇళ్లు చాలానే ఉంటాయి. మట్ట రెండు మీటర్లు కిందికి వేలాడుతుందని లెక్కేసుకుని చోటు ఎంచండి.

ఇంకో సంగతి. డిష్ ముఖం చూసి అది ఎటు చూస్తోందో తేల్చకండి. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, పళ్లెం కనిపించేదానికన్నా ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకు చూస్తాయి. ‘గోడకేసి చూస్తోంది’ అని కంగారుపడి తిప్పితే ఉన్న సిగ్నలూ పోతుంది.

పెద్దవానలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోవడం ఈ డిష్‌లు వాడే కేయూ బ్యాండ్ తరంగాలకు సహజం, పది పదిహేను నిమిషాల్లో తిరిగొస్తుంది. ప్రతి చినుక్కీ పోతుంటే మాత్రం బిగింపు సరిగా లేదన్నమాట. పెట్టె మెనూలో స్ట్రెంగ్త్ కాదు, క్వాలిటీ చూడండి. ఎండరోజున క్వాలిటీ అంచున ఉంటే వానను అది తట్టుకోదు. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90ది పెట్టిస్తే వానను తట్టుకునే వెసులుబాటు పెరుగుతుంది. గోపాలపూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి బోల్టులు రెండేళ్లలో తుప్పుపడతాయి. గాల్వనైజ్డ్ బోల్టులు అడగండి. కేబుల్ ఆర్‌జీ6 రకం, డిష్ నుంచి పెట్టెదాకా ఒకే ముక్క ఉండాలి. మధ్యలో టేపు చుట్టిన అతుకుంటే నీళ్లు దిగేది అక్కడే. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి ఉండే సిగ్నల్ అందుకునే ముక్క) దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు వేలాడదీసి తర్వాత పైకి తీసుకెళ్లాలి. నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, కనెక్టర్‌లోకి ఎక్కవు.

ఫ్రీ డిష్ కొనేవాళ్లు ఎంపెగ్‌–4 పెట్టె అని అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్‌–2 పెట్టె చవగ్గా వస్తుంది కానీ కొన్ని చానళ్లు అందులో తెరుచుకోవు. ప్రైవేటు చానళ్లు వేలంలో చోటు కొనుక్కుంటాయి కాబట్టి ఈ ఏడు ఉన్నది మరుసటి ఏడు ఉండకపోవచ్చు. ఫలానా తెలుగు సీరియల్ కోసం ఫ్రీ డిష్ కొనొద్దు.

కేబుల్

ఊళ్లో ఉన్నవాళ్లకు వానకు పోని దారి ఇది. బరంపురం, పర్లాకిమిడి, జయపురం లాంటి పట్టణాల్లో తెలుగు గిరాకీ ఎక్కడుందో కేబులతనికి తెలుసు, అడిగితే చానల్ ఆ పూటే ఆన్ చేస్తాడు. కరెంటు పోతే మాత్రం మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు, వీధిలో ఆంప్లిఫయర్‌కు కరెంటు ఉండాలి. తుపాను తర్వాత కేబుల్ రావడానికి డిష్ కన్నా ఎక్కువ రోజులు పట్టేది అందుకే.

డబ్బు లెక్క కేబుల్‌కూ డీటీహెచ్‌కూ ఒకటే. బిల్లులో రెండు ముక్కలుంటాయి, నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు (కనెక్షన్ నడిపినందుకు కట్టేది) ఒకటి, చానళ్ల ధర ఒకటి. ఆ ఫీజుకు 200 చానళ్ల దాకా 130 రూపాయలని పైపరిమితి ఉండేది, పన్ను కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2024 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది, ఇప్పుడు ఎంతన్నది మీ ఆపరేటర్ చెప్పాలి, రసీదులో విడిగా చూపమనండి. బొకేలో (చానళ్ల కట్టలో) పెట్టే చానల్ విడి ధర 19 రూపాయలు మించకూడదన్న నియమం ఉంది. నాలుగు పెద్ద తెలుగు చానళ్లు తలా 19 చొప్పున వేసుకున్నా 76, పన్నుతో దాదాపు 90 రూపాయలు. ‘తెలుగు ప్యాక్’ పేరుతో ఎంత అడుగుతున్నారో ఈ అంకెతో పోల్చి చూడండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే చానల్ ఎస్‌డీ (మామూలు బొమ్మ), హెచ్‌డీ (మరింత తేట బొమ్మ) రెండూ బిల్లులో కూర్చుంటాయి. పాత టీవీకి హెచ్‌డీ దండగ, పైగా చానళ్ల లెక్కలో ఒక్క హెచ్‌డీ రెండు ఎస్‌డీలతో సమానం.

ఫోన్, ఫైబర్

మొబైల్ డేటాతో టీవీ నడపాలనుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోండి. బొమ్మ నాణ్యత 480పీలో గంటకు సుమారు 0.7 జీబీ, 720పీలో ఒకటిన్నర దాకా, 1080పీలో మూడు దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో 480పీ రెండు గంటలు వస్తుంది. ప్రకటనలు తీసేస్తే సీరియల్ 22 నిమిషాలు, నాలుగు సీరియళ్లకు గంటన్నర, అంటే ఒక జీబీ. యాప్ క్వాలిటీని ‘ఆటో’లో వదిలేస్తే మూడో సీరియల్ సగంలో ప్యాక్ అయిపోతుంది. సెట్టింగ్స్‌లో 480పీకి కట్టేయండి.

రీఛార్జ్‌తో ఉచితంగా వచ్చే ఓటీటీ (వీడియో యాప్) చందాలు చాలావరకు మొబైల్‌కే పరిమితం. టీవీలో తెరిస్తే ‘ప్లాన్ మార్చండి’ అంటుంది. టీవీ కోసమే అయితే ప్లాన్ వివరాల్లో టీవీ అన్న మాట ఉందో లేదో చూసి కట్టండి. రాయగడ, కోరాపుట్ లోయల్లో సిగ్నల్ ఒక గదిలో ఉండి ఇంకో గదిలో ఉండదు. అలాంటిచోట బజారుకు వెళ్లినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో చూడటం మేలు. ఫైబర్ వచ్చిన వీధిలో ఉంటే ఈ బాధలేమీ లేవు. కానీ పెద్దవాళ్ల కోసం కేబుల్ ఉంచాలా తీసేయాలా అన్నది రిమోట్‌తోనే తేలుతుంది.

తెలుగు న్యూస్ చానళ్లకు విడిగా డబ్బు కట్టొద్దు. టీవీ9, ఎన్‌టీవీ, ఏబీఎన్ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి.

ఎవరికి ఏది

పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇల్లు: కేబుల్ ఉంటే కేబుల్, లేకపోతే చెట్టు అడ్డు రాని డీటీహెచ్. ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు విడివిడిగా, ఒడియా వార్తలు ఒకటి. చానల్ నంబర్లు పెద్ద అక్షరాల్లో రాసి రిమోట్ వెనక అంటించండి.

రెండు భాషల కాపురం: డీటీహెచ్‌లో జీ తెలుగు, జీ సార్థక్, స్టార్ మా. దీనికి తోడు జీ5, జియోహాట్‌స్టార్‌లలో ఏదో ఒకటి. రెండూ ఏడాది చందాతో తీసుకున్న ఇళ్లలో ఒకటి తెరవకుండానే గడువు తీరుతుంది.

భువనేశ్వర్‌లోనో విశాఖలోనో చదివే పిల్లలు: యాప్ చందా వాళ్ల ఫోన్ నంబరు మీద కాకుండా ఇంటి నంబరు మీద తీసుకుంటే సెలవులకు వచ్చినప్పుడు టీవీలోనూ పనికొస్తుంది. ఓటీపీ ఇంటికి వస్తుంది కాబట్టి ఫోన్ చేసి అడగాలి, అదొక లాభం అనుకునే తల్లిదండ్రులూ ఉన్నారు.

కిరాణా కొట్టు, హోటల్: ఇంటి కనెక్షన్ కొట్టులో నడపడం నిబంధనలకు సరిపడదు. వ్యాపార కనెక్షన్ ధర విడిగా అడగండి. లేకపోతే ఫ్రీ డిష్, రేడియో.

డబ్బు పిసరంత కూడా మిగలని ఇల్లు: ఫ్రీ డిష్, యూట్యూబ్. సీరియల్ కావాలంటే పొరుగింట్లో కూర్చుని చూసే పాత పద్ధతి ఎలాగూ ఉంది.

రేడియో ఎందుకు ఉంచుకోవాలి

రేడియోను వినోదం కోసం కాదు, గాలివాన కోసం ఉంచుకోమంటాం. టవర్‌కు కరెంటు పోతే ఫోన్ పోతుంది, డిష్ ఎగిరిపోవచ్చు. ఆకాశవాణి విశాఖపట్నం మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్, జయపురం 1467, కటక్ 972. ఎఫ్‌ఎం చూపుమేర దూరమే పోతుంది. విశాఖ ప్రైవేటు ఎఫ్‌ఎంలు కొండ దాటి ఇటు రావు. పైగా ప్రైవేటు ఎఫ్‌ఎం సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌నే యథాతథంగా వేయాలి. నెట్ ఉన్న రోజుల్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు, ఒడియా కేంద్రాలు రెండూ దొరుకుతాయి.

సెట్టు కొనేటప్పుడు దుకాణంలోనే మీడియం వేవ్ పట్టే ‘ఏఎం’ లేదా ‘ఎండబ్ల్యూ’ మీట ఉందా అని చూడండి. బ్లూటూత్, పెన్‌డ్రైవ్ ఉన్న కొత్త సెట్లలో కొన్నింటికి ఎఫ్‌ఎం ఒక్కటే ఉంటుంది. ఇంట్లో గరగరమంటే ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ ఆపి, సెట్టును నిలబెట్టిన చోటే మెల్లగా చుట్టూ తిప్పండి. లోపలి ఫెర్రైట్ కడ్డీ మొన కాకుండా దాని పొడవు వైపు స్టేషన్‌కు ఎదురుగా తిరిగినప్పుడు మాట తేటపడుతుంది. ఆ దిక్కును కిటికీ గడప మీద సుద్దముక్కతో గీసి పెట్టుకుంటే దీపం లేని రాత్రి వెతుక్కోనక్కర్లేదు. సెల్లులు మాత్రం సెట్టులో ఉంచకండి, కారి తుప్పుపట్టిస్తాయి. కవర్లో చుట్టి దాని పక్కనే పెట్టండి.